వధువు మెడకు ముత్యమెంత?

పెండ్లి నిశ్చయమైన ఇంట కొలతలకు కొదువ లేదు. పందిరికి ఎన్ని గుంజలు, పంక్తికి ఎన్ని విస్తళ్లు, బంధువులకు ఎన్ని చీరలు అని పెద్దలు వేళ్లమీద లెక్కించుచుందురు. ఆ కొలతలన్నిటికి చెప్పువారున్నారు. కాని వధువు మెడలో వేయు ముత్యాల దండ ఎంతటిదై ఉండవలెను అన్న ప్రశ్నకు సరియైన జవాబు చెప్పువారు అరుదు. అంగడివాడు చెప్పునది ఒకటి, వియ్యాలవారు తలచునది ఒకటి, నలుగురు చూచునది మరియొకటి. వర్తకులమైన మనము తూనికలు, కొలతలు ఎరిగినవారమే. అయినను ఈ ఒక్క కొలతలో తరచుగా తప్పుచున్నాము. ఆ తప్పులో నా పాలు కూడ ఉన్నది గనుక, ఈ సంచికలో ఆ సంగతినే పాఠకులతో పంచుకొనవలెనని పూనుకొన్నాను.

గడచిన మాఘములో మా మనుమరాలి వివాహము జరిగినది. అంతకు మూడు నెలల ముందు నేను, మా కోడలు, ఆ పిల్ల ముగ్గురము బళ్లారి నుండి హైదరాబాదు వెళ్లినాము. చార్మినారు దాపున పత్తర్‌గట్టిలో ముత్యాల అంగళ్లు వరుసగా ఉన్న సంగతి మీరు ఎరిగినదే. అంగడి యజమాని మర్యాదస్తుడు. మంచినీళ్లు తెప్పించి, నల్లని మఖమలు గుడ్డ పరచి, "అమ్మాయిగారికి ఏ సైజు చూపమంటారు?" అని అడిగినాడు.

మా కోడలు "పెద్దవే చూపండి, పెండ్లికూతురు గదా" అన్నది. నేను "నడిమివి చూపండి" అన్నాను. పిల్ల మాత్రము దండలను ముట్టుకొనక, నా చెవిలో, "తాతా, ఒక్క దండకు ఎన్ని ఆల్చిప్పలు?" అని అడిగినది.

నేను సమాధానము చెప్పలేదు. చెప్పుటకు నోరు రాలేదు అనుట నిజము. ఏలయనగా ఆదివారము పాఠశాలలో ఆ పిల్లకు జీవుల తరగతులు నేర్పినది నేనే. శంఖము, ఆల్చిప్ప, నత్త మొదలగునవి స్పర్శ, రుచి అను రెండు ఇంద్రియములు గల ద్వీంద్రియ జీవులని ఆమె చేత వల్లె వేయించినది నేనే. ఆనాడు పిల్ల నేర్చిన పాఠమును నేడు గురువుకు అప్పగించినది.

ఆ దినము ఏమియు కొనక ఇల్లు చేరినాము. తరువాత కొన్ని వారములు ఈ విషయమును నాలో నేను తిరగవేసికొన్నాను. వధువు ముత్యమునకు మూడు కొలతలు కలవని నాకు తోచినది. ఒకటి మెడ కొలత, రెండవది మూట కొలత, మూడవది మనస్సు కొలత.

మెడ కొలత సులభము. ఒక దారము తీసికొని వధువు మెడ చుట్టు వదులుగా పెట్టి కొలువవలెను. పదునాలుగు మొదలు పదునారు అంగుళముల దండ మెడను అంటి, గొంతు ఎముక దగ్గర నిలుచును. పదునెనిమిది అంగుళములది దానికి కొంచెము దిగువగా వచ్చును. ఇరువది నుండి ఇరువదినాలుగు వరకు గలది రొమ్ముమీదికి దిగును. ఇరువదియెనిమిది దాటినది పొడుగు హారము. మన వధువుకు మంగళసూత్రము, నల్లపూసలు, పూలదండ ఉండనే ఉండును. పొడుగు హారము వాటి అడుగున చిక్కుపడి కనబడకపోవును. కనుక పెండ్లినాటి ముత్యము మెడ దగ్గర నిలుచుటే మేలు. మెడ పొట్టిదైన పిల్లకు పదునెనిమిది, సన్నని పొడుగు మెడకు పదునారు అమరును.

ఇక పూస పరిమాణము. సన్నని పిల్లకు అయిదు ఆరు మిల్లీమీటర్ల పూస, సామాన్యముగా ఏడు మిల్లీమీటర్ల పూస నిండుగా కనబడును. పది మిల్లీమీటర్లది నడివయస్సు ఇల్లాలికి శోభించునే గాని ఇరువది యేండ్ల పిల్ల మెడలో బరువుగా తోచును. బరువు అనునది మాటవరుసకు అన్నది కాదు. పదునారు అంగుళముల దండకు ఏడు మిల్లీమీటర్ల పూసలు సుమారు యాబదియైదు పట్టును. వాటి తూకము రెండు తులములకు కొంచెము పైన. అదే దండను పది మిల్లీమీటర్ల పూసలతో కట్టిన నాలుగున్నర తులములు దాటును. పూసల సంఖ్య తగ్గినను బరువు రెండింతలైనది. పూసకు పూసకు నడుమ ముడి వేయించుట మరువరాదు. దారము తెగినను ఒక్క పూసయే రాలును; పందిట్లో అందరు వంగి వెదుకు గతి పట్టదు. పసుపు, అత్తరు, చెమట ముత్యమునకు పడవు. ముత్యము చాలవరకు సున్నపు పదార్థమే గనుక ఆమ్లము తగిలిన మెరుగు పోవును. అలంకారములో చివర వేసికొని, ముందుగా తీసి, మెత్తని గుడ్డతో తుడిచి దాచవలెను.

రెండవది మూట కొలత. ఇందు మన వర్తక బుద్ధి పనికి వచ్చును. బొంబాయి ముత్యాల వర్తకులు పూర్వము 'చవ్' అను లెక్కను వాడెడివారు. దాని సారము ఇది: ముత్యము వెల తూకముతో సమముగా పెరగదు, తూకపు వర్గముతో పెరుగును. ఆరు మిల్లీమీటర్ల గుండ్రని ముత్యము ఎనిమిది మిల్లీమీటర్లదైనప్పుడు అడ్డుకొలత మూడవ వంతు మాత్రమే పెరిగినది. కాని తూకము సుమారు రెండింబావు ఇంతలు దాటును. చవ్ లెక్కను బట్టి వెల అయిదున్నర ఇంతలగును! ఆ లెక్క సముద్రములో సహజముగా దొరకిన ముత్యములకు ఏర్పడినది. నేటి అంగళ్లలో అమ్మునవి దాదాపు అన్నియు పెంచిన ముత్యములే. వీటి ధర మిల్లీమీటరు, గుండ్రన, మెరుగు చూచి చెప్పుదురు. అయినను పై మెట్లు ఎక్కుకొలది ధర గుర్రమువలె పరుగెత్తుట మానలేదు. కంటికి కనబడు తేడా గోరంత, సంచిలో పడు తేడా కొండంత. ఇది తెలిసికొన్న వర్తకుడు పరిమాణము కొరకు గాక మెరుగు కొరకు ధనము వెచ్చించును. నిండు మెరుగుగల ఆరు మిల్లీమీటర్ల పూస, సున్నపు ముద్దవలె వెలవెలబోవు తొమ్మిది మిల్లీమీటర్ల పూసకంటె మిన్న.

ఈ విద్య మన దేశమునకు కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో ముత్యమునకు ఉండవలసిన గుణములు చెప్పబడినవి: పెద్దది, గుండ్రనిది, నిలువక దొరలునది, మెరయునది, తెల్లనిది, బరువైనది, నున్ననిది, బెజ్జము తగిన చోట పడినది. పేటల సంఖ్యను బట్టి హారములకు పేర్లు కూడ అందున్నవి. వేయిన్నెనిమిది పేటలది ఇంద్రచ్ఛందము, అందు సగము విజయచ్ఛందము, అరువదినాలుగు పేటలది అర్ధహారము, ఇరువదియేడు పేటలది నక్షత్రమాల. మన జైనులలోనే ఠక్కుర ఫేరు ఢిల్లీలో అలాఉద్దీన్ ఖిల్జీ కాలమున ఉండి, 1315లో ప్రాకృతమున రత్నపరీక్ష వ్రాసినాడు. ఈ గ్రంథములన్నియు ముత్యమును పరీక్షించుట నేర్పును. ముత్యము ముందు నిలిచిన మనిషిని పరీక్షించుట మాత్రము వేరొక శాస్త్రము. అదియే మూడవ కొలత.

స్వాతి వాన చినుకు ఆల్చిప్పలో పడి ముత్యమగునని మన పెద్దలు చెప్పుకొన్నారు. ఆ కథ అందమైనది; అందులో ఎవరికిని నొప్పి లేదు. నిజము అట్లు కాదు. చిప్పలోని మెత్తని ఒంటికి గాయమైనప్పుడో, పరాయి జీవి లోన చొరబడినప్పుడో ఆ ప్రాణి తన్ను తాను కాపాడుకొనుటకు పొరమీద పొర కప్పును. మనము నగ అనునది దానికి కట్టు. పూర్వము ఒక మంచి ముత్యమునకై ఎన్నో చిప్పలను తెరిచెడివారు. ఎక్కువ భాగము వట్టివే. మనము గొప్పగా చెప్పుకొను బస్రా ముత్యము పారసీక సింధుశాఖలో దొరకినది. దానికై మునిగిన వారిలో ఎందరో పడవ యజమానులకు అప్పుపడి, ఆ అప్పు తీరక ఏటేట మునుగుచుండెడివారు. ఆ ముత్యములో చిప్ప ప్రాణమే గాక మనిషి ఊపిరి కూడ కలదు. 1893లో జపాను దేశస్థుడు మికిమోటో కోకిచి అర్ధగోళాకారపు ముత్యమును పెంచి చూపినాడు. తరువాత గుండ్రని ముత్యములు పెంచు విధము వ్యాపించినది. 1930 ప్రాంతమున ప్రపంచ వ్యాపార మాంద్యము కూడ తోడై సింధుశాఖ ముత్యాల వ్యాపారము కూలినది.

పెంచిన ముత్యములో హింస తగ్గినదా? ఉప్పునీటి అకోయా చిప్పలో ఒకటి రెండు పూసలే నాటుదురు; ముత్యము తీయునప్పుడు సామాన్యముగా చిప్ప చచ్చును. కనుక ఒక దండకు పదులకొలది ప్రాణములు. చైనా దేశపు మంచినీటి చిప్పలో ఒక్కదానియందే పదులకొలది ముత్యములు పెరుగును. అక్కడ ఒక దండకు కొద్ది ప్రాణములే చాలునని లెక్కకు తోచును. కాని సమానమైన పూసలను ఏరుటకు ఎన్నో చిప్పల పంట కలుపుదురు. దక్షిణ సముద్రపు పెద్ద చిప్పలను కొన్నిటిని చంపక, రెండవ మారు మూడవ మారు కూడ నాటుదురు. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు వెదకుచు నేను ఈ లెక్కలన్నియు కాగితముమీద వేసినాను. విచిత్రమేమనగా పూస పెద్దదైనంత మాత్రమున ప్రాణములు హెచ్చవు. మూడు మిల్లీమీటర్ల చిన్న పూసల ఏడుపేటల హారమునకు వేయికి పైగా పూసలు పట్టును. పెద్ద పూసల ఒంటిపేటకు నలుబది చాలును. అయితే చిన్నది నిర్దోషమనియు, పెద్దది సదోషమనియు చెప్పుటకు వీలు లేదు.

అప్పుడు నాకు ఒక సంగతి తెలిసినది. నేను ప్రాణములను లెక్కించుచున్నానే గాని నా ఆశను లెక్కించుట లేదు. వర్తకుడు తప్పించుకొనుటకు లెక్కకంటె మంచి చాటు లేదు.

మన శాస్త్రము హింసను మూడు విధముల చూచును: తాను చేసినది, ఇతరుల చేత చేయించినది, చేసినదానికి సమ్మతించినది. చిప్పను నేను తెరువలేదు. కాని కొనువాడు లేనిదే తెరచువాడుండడు. గృహస్థుడు విడువవలసిన వ్యాపారములు పదునైదింటిలో దంతవాణిజ్యము ఒకటి. దంతములు, ఎముకలు, చర్మములు మొదలైన ప్రాణుల అంగములతో చేయు వర్తకమది. ముత్యము అందులో చేరునా చేరదా అని తర్కించవచ్చును. మనవారు తరతరములుగా ముత్యాల వ్యాపారము చేసినారు గదా అనియు చెప్పవచ్చును. రాయచంద్ భాయి గారిని తలచుకొనుడు. 1891లో గాంధీజీకి పరిచయమైనప్పుడు ఆయన బొంబాయిలో ముత్యములు, వజ్రముల వర్తకుడే. వాటి పరీక్షలో ఆయన దిట్ట అని గాంధీజీ తన ఆత్మకథలో వ్రాసినారు. ఒక అరబు వర్తకుడు తెలియక ముత్యములను తక్కువకు అమ్మి, అన్నగారికి భయపడి తిరిగి వచ్చినప్పుడు, రాయచంద్ భాయి గారు లాభము విడిచి సరకు తిరిగి ఇచ్చివేసినారని చెప్పుకొందురు. వ్యాపారములో ఉండియు వ్యాపారమునకు లోబడని తీరు అది. అయితే ఆ మహనీయుని పేరు చెప్పి మన కొనుగోలును సమర్థించుకొనుట సులభము. ఆయన వలె చేతికి వచ్చినది విడుచుట కష్టము. మనము ఆయనలో సులభమైన భాగమును మాత్రమే తీసికొనుచున్నాము.

ఇక నా తప్పు చెప్పవలెను. చాల యేండ్ల క్రిందట మా కుమార్తె వివాహమునకు ఏడుపేటల ముత్యాల హారము అరువు మీద కొన్నాను. అప్పటికి నేను పరిగ్రహ పరిమాణ వ్రతము తీసికొని, ఇంటి నగలకు హద్దు వ్రాసికొని యుంటిని. హారము హద్దు దాటినది. "ఇది అమ్మాయిది, నాది కాదు" అని లెక్క సర్దుకొన్నాను. ఖాతాలో పద్దు మార్చినంత మాత్రమున సరకు మాయమగునా? హద్దు మీరినది నేనే. ఆ హారమును మా అమ్మాయి మూడు మారులు ధరించినదేమో. నేడది బ్యాంకు పెట్టెలో ఉన్నది. పట్టణములో దాని ప్రభ మాత్రము ఎక్కువ కాలము నిలిచినది. మరుసటి యేడు మా బంధువులలో ఒక ఇంట, అంతటి హారము లేనిదే పరువు దక్కదని, అంగడి సరకు తాకట్టు పెట్టి కొన్నారు. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నదని లోకము నవ్వును. కాని వాత పెట్టుకొన్నది నక్కయే అయినను, ఊరంతయు చూచునట్లు తిరిగిన పులికి దోషము లేదా? ఆ ఇంటివారు ఆ అప్పునుండి తేరుకొనుటకు ఆరేండ్లు పట్టినది. ఇది కూడ హింసయే. దీనిలో చచ్చినది ద్వీంద్రియ జీవి కాదు. పంచేంద్రియములుగల మనవాడు రాత్రులు నిద్ర లేక గడిపినాడు.

ఈసారి వియ్యాలవారు ఏమియు అడుగలేదు. "మీ ఇష్టము, నలుగురిలో చూడదగినట్లుంటే చాలు" అన్నారు. అడిగినదానికి హద్దు ఉండును. ఈ మాటకు హద్దు లేదు. మరియొక వంక మా తమ్ముని కూతురికి కూడ సంబంధము కుదిరియున్నది. వాని వ్యాపారము రెండేండ్లుగా బాగుగా లేదు. పెద్దయింట ఏది జరిగిన చిన్నయింట అదియే జరుగవలెనని లోకము చూచును.

ఒక రాత్రి మా ఇంటావిడ పాత చేతిపెట్టె తెచ్చి నా ముందుంచినది. అందులో మా అమ్మ రెండుపేటల ముత్యాల దండ ఉన్నది. నాలుగు మిల్లీమీటర్లకు మించని చిన్న పూసలు, వయస్సు వలన మీగడ రంగు తిరిగినవి, దారము నలుపెక్కినది. నేను పెద్దకుమారుడను గనుక అది నా యింట ఉండిపోయినది. అందు తమ్మునికి సగపాలు కలదని నాకు అంతవరకు తోచనే లేదు. మా ఇంటావిడ ఒక్క మాట అన్నది: "రెండుపేటలు, ఇద్దరు ఆడపిల్లలు."

మరల హైదరాబాదు వెళ్లి, ముత్యాలు గుచ్చు ఒక ముసలి పనివాని చేత ఆ దండను విప్పించినాము. అతడు పూసలను తడిగుడ్డతో తుడిచి, తళ్లెములో దొర్లించి, పగిలినవి కొన్నిటిని వేరుచేసి, ముడిముడికి పట్టుదారము వేయబోయినాడు. పిల్ల వారించి నైలాను దారము వేయమన్నది. అతడు నవ్వి అట్లే చేసినాడు. పదునెనిమిది అంగుళముల ఒంటిపేటలు రెండు తయారైనవి. కొత్తగా ఒక్క చిప్ప కూడ తెరువబడలేదు. ఒక్క రూపాయి అప్పు కాలేదు. సగపాలు సగపాలుగా చేరవలసిన చోటికి చేరినది.

ఇంతటితో ప్రశ్న తీరినదని నేను చెప్పను. పాత ముత్యమైనను అది ఒకనాటి ప్రాణముల వెలయే. దానిని మెడలో వేసి మెచ్చుకొనుట సమ్మతి కాదా అని మనుమరాలే మరల అడిగినది. కాదని నేను వాదింపలేదు. నకిలీ పూసలు వేసికొనవచ్చును గదా అని కొందరందురు. గాజు పూసకు ముత్యపు మెరుగు పెట్టుటకు చేప పొలుసు వాడు పద్ధతి కూడ ఉన్నది. అడుగకనే కొన్న నకిలీ కూడ నిర్దోషము కాదు. మరి పట్టుచీర మాటేమి, బంగారు గని మాటేమి అని ఇంకొకరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని అన్ని తలుపులు ఒక్కసారి మూయలేమని, ఎదుట తెరచియున్న తలుపును మూయకుండుట యుక్తి కాదు. ముత్యాలు గుచ్చియు, బెజ్జము వేసియు బ్రతుకు పేదల కూడు మాట కూడ తలపక తప్పదు. ఆ ముసలి పనివానికి మేమిచ్చిన కూలి కొత్త దండకు వచ్చు కూలికి తక్కువ కాదు. పాతదానిని విప్పి గుచ్చుట కూడ పనియే.

అనేకాంతము మనకు నేర్పినది ఇదియే గదా! మెడ కొలత చెప్పు అంగడివాని మాటలో నిజమున్నది. వెల చెప్పు లెక్కలో నిజమున్నది. పిల్ల ప్రశ్నలో అన్నిటికంటె ఎక్కువ నిజమున్నది. అన్నిటిని కలిపి తూచి, ఎవరి ఇంట వారు నిర్ణయించుకొనవలెను. నాకు తోచిన నాలుగు మాటలు మాత్రము పాఠకుల ముందుంచెదను. అంగడికి పోకముందు ఇంటి పెట్టె తెరువుడు. కొనక తప్పనిచో ఒంటిపేటతో తృప్తి పడుడు. పరిమాణము కాక మెరుగు చూడుడు. ఏ చిప్పనుండి, ఏ విధమున వచ్చినదో అడుగుడు. అడుగుట వలన అంగడివాడును నేర్చుకొనును. కట్టకడపట, మీ తరువాత పెండ్లి చేయవలసిన బంధువు ముఖము ఒక్కసారి తలచుకొనుడు. అతడు అప్పు లేక చేయగలిగినంతయే మీ ముత్యమునకు సరియైన పరిమాణము.

పెండ్లినాడు వరుని పక్షపు పెద్దావిడ ఒకరు వధువు మెడ వంక చూచి, "ఇంతేనా అమ్మా?" అన్నారు. నా గుండె గతుక్కుమన్నది. పిల్ల ధర్మోపన్యాసము చేయలేదు. దండను వేళ్లతో ముట్టుకొని, "మా ముత్తవ్వవండి. ఇంకొక పేట మా చిన్నతాత కూతురికి ఉంచినాము" అన్నది. ఆవిడ దగ్గరకు వచ్చి ఆ చిన్న పూసలను చేతితో పట్టి చూచి, తన తల్లి దండ ఏమైనదో చెప్పసాగినది. వారిద్దరు చాలసేపు మాటలాడుకొన్నారు.

మొన్న వైశాఖములో రెండవ పేట మా తమ్ముని కూతురి మెడలో వెలసినది. బ్యాంకు పెట్టెలోని ఏడుపేటల హారము సంగతి మా అమ్మాయితో ఇంకను మాటలాడవలసియున్నది.